బోరింగు నీళ్లకు పడ్డ మార్కులు

ప్రకృతి వనరుల సంరక్షణ చదివానని ఎవరికైనా చెప్పాలంటే నాకు ఇప్పటికీ నోరు చేదవుతుంది. వరంగల్‌లో ఆ రెండేళ్లూ మేం సంరక్షించింది ఒక్కటే, సీనియర్ల రికార్డులు. ప్రతి బ్యాచూ ముందు బ్యాచ్ రికార్డులను అట్ట నలగకుండా దాచుకుని, తేదీలు మార్చి దించేసేది. అందుకు సిగ్గుపడిన వాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు.

తాగునీటి పరీక్ష ప్రాజెక్టుకు నేను మాత్రం నిజంగానే నీళ్లు పట్టుకెళ్లాను. గొప్ప కోసం కాదు, మా మగ్గాల వాడలో చిన్నమ్మ ఇంటి ముందే బోరింగు ఉంది, ఎక్కడికీ తిరిగే పని లేదు. ల్యాబులో మూడుసార్లు చూశాను. మూడుసార్లూ నైట్రేట్ ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ. పక్కనే మురికి కాలువ పారుతుంటే రాక ఏం చేస్తుంది? అలాంటి నీళ్లు పసిపిల్లలకు పట్టకూడదని మా పాఠంలోనే ఉంది.

గైడుగా ఉన్న సారు నా కాగితం చూసి మొహం చిట్లించారు.

"పోయిన బ్యాచోళ్లకు గిట్ల రాలే గదా. వైవాకు బయటి సారొస్తడు, లేనిపోనియి అడుగుతడు. జర సరిచేసుకొని రా."

సరిచేశాను. క్యాంటీన్‌లో కూర్చుని, టీ తాగుతూ. 'ఈ నీరు తాగుటకు యోగ్యము' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి.

మా అమ్మ ఆ రికార్డును వాడంతా చూపించుకుంది. వారం తర్వాత చిన్నమ్మ ఇంటికి వెళ్తే, పురిటికొచ్చిన ఆమె కూతురు మంచంలో పడుకుని ఉంది. పాలు చాలక పసిదానికి డబ్బా పాలు పడుతున్నారు. చిన్నమ్మ పొయ్యి మీద బోరింగు నీళ్లు మరిగిస్తోంది.

"క్యాను నీళ్లు బంద్ చేసిన బిడ్డా. మంచిగున్నయని నువ్వే రాసినవట గదా," అంది.

మరిగిస్తే నైట్రేట్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అదీ నాకు పరీక్షలో వచ్చిన ప్రశ్నే, జవాబు కూడా సరిగ్గానే రాశాను. నా మీద నాకే రోత పుట్టింది.

"ఆ నీళ్లు పిల్లకు పట్టకు చిన్నమ్మా. నేను తప్పు రాసిన," అన్నాను.

ఆమె పాలసీసాలోకి నీళ్లు వంచుతూ నవ్వింది.

"ఊకో బిడ్డా. తప్పు రాస్తే గన్ని మార్కులెట్ల ఏస్తరు?"