వెనకవాళ్ల కాళ్లకి వెలుగు

మా అన్నయ్య తిన్నగా నడవగా నేనెప్పుడూ చూడలేదు. తాగుడు అలవాటు లేదు, కాళ్లలో లోపమూ లేదు. సినిమాహాల్లో టార్చిలైటు పట్టుకుని, ఆట మొదలయ్యాక వచ్చినవాళ్లకి సీట్లు చూపించడం ఆయన పని. ఆ పనిలో లైటు తన కాళ్ల ముందు వేసుకోకూడదు. వెనక వచ్చేవాళ్ల కాళ్ల ముందు వేయాలి. తన మెట్టు సంగతి తన కాళ్లే చూసుకోవాలి. ఏళ్ల తరబడి అలా నడిచీ నడిచీ, పట్టపగలు కూరగాయలకి వెళ్లినా అదే నడక. కుడి భుజం కాస్త వెనక్కి, చెయ్యి కిందికి, మెడ ఓరగా. "పీతలా ఆ నడకేమిట్రా" అనేది అమ్మ. "పీత ఎవరికీ దారి చూపించదమ్మా" అనేవాడు అన్నయ్య.

నేను రాయదలుచుకున్నది మా వదిన గురించి. ఆయన పోయాక కూడా ఆ నడకని ఒంట్లో పెట్టుకుని తిరిగిన మనిషి ఆవిడ.

వదిన పగలు ఒక దర్జీ కొట్లో కాజాలు కుట్టేది. సాయంత్రం టైర్ల షాపు మీద మేడ గదిలో రిహార్సలు. అదొక చిన్న నృత్యనాటక బృందం. గది ఎక్కగానే రబ్బరు వాసన, చెక్క నేల, గోడంతా అద్దం. చాలాకాలం ఆవిడకి దక్కినవన్నీ గుంపులో గోవిందయ్య వేషాలే. ఒక నాటకంలో అల, ఇంకో నాటకంలో చెట్టు. "చెట్టు వేషంలో ఉన్న సుఖం ఎందులోనూ లేదే. కాలు నొప్పి పుడితే గాలి వీచినట్టు కాస్త ఊగొచ్చు" అనేది.

తర్వాత ముసలివాడి వేషం వచ్చింది. దారి తప్పిన జనాన్ని ఒక ముసలివాడు చీకట్లో లాంతరు పట్టుకుని కొండ దింపి ఊరు చేర్చే కథ అది. మాటలుండవు. ఒళ్లే చెప్పాలి. వదిన పొడుగరి కాబట్టి మాస్టారు ఆవిడకిచ్చారు. ఆవిడ నడుం వంచింది, చెయ్యి వణికించింది, మధ్యమధ్య దగ్గినట్టు భుజాలు ఎగరేసింది. మాస్టారు కాసేపు చూసి, "అమ్మా, ముసలితనం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నా ఇంట్లోనే ఉంది. నాకొక మనిషి కావాలి. ఎవరినైనా తెచ్చుకో" అన్నారట.

ఆవేళ ఇంటికొచ్చి గిన్నెలన్నీ దడదడలాడించింది. "తెచ్చుకోవాలట! మనిషంటే వంకాయా, ఏరి సంచిలో వేసుకోడానికి?"

మర్నాడు అన్నయ్య క్యారియరు మరిచిపోయి వెళ్తే ఇవ్వడానికి హాలుకి వెళ్లింది. మ్యాట్నీ మొదలైపోయింది. అన్నయ్య ఆవిణ్ణి వెనక వరసలో కూర్చోబెట్టి పనిలో పడ్డాడు. "సినిమా ఒక్క ముక్క చూడలేదే" అని తర్వాత నాకు చెప్పింది. "మీ అన్నయ్యనే చూస్తూ కూర్చున్నాను. ఈయన మనుషుల మొహాలు చూడడే, కాళ్లు చూస్తాడు. ఎత్తు చెప్పులావిడ వస్తే లైటు ఒకచోట నిలబడుతుంది. చంటాణ్ణెత్తుకున్నావిడ వస్తే ముందు మెట్టు మీద కాచుకుని కూచుంటుంది. కుర్రాళ్లొస్తే వాళ్లతో పాటు పరుగెడుతుంది. ఆ లైటుని చూస్తే చాలు, ఎవరొస్తున్నారో చెప్పేయొచ్చు."

ఆ సాయంత్రం నడుం వంచడం మానేసి, మేడ గదిలో అన్నయ్యలా నడిచింది. మాస్టారు చివరిదాకా చూశారట. తర్వాత, "ఎవరమ్మా ఈయన?" అని అడిగారట.

"మావారండీ."

"రేపు కూడా వెంట తీసుకురా."

మొదటి ప్రదర్శన చూసి అన్నయ్య తెగ ఉడుక్కున్నాడు. "నేనలా నడుస్తానా? ఏదో పోగొట్టుకుని వెతుక్కుంటున్నవాడిలా?" అన్నాడు. "పోగొట్టుకోలేదు, వెనకే వస్తోంది" అని వదిన నవ్వింది. ఆ నాటకం బాగా నడిచింది. ఎక్కడెక్కడి నుంచో పిలుపులొచ్చాయి. బృందం ఇంకేం వేసినా, జనం ఆ ముసలివాణ్ణే అడిగేవాళ్లు.

అన్నయ్య చిన్న జ్వరమే కదా అనుకున్న జ్వరంతో పోయాడు. ఆసుపత్రికి తన కాళ్లతో తనే నడిచి వెళ్లాడు, మామూలుగానే, వెనక వస్తున్న మా ఇద్దరి కాళ్లూ చూసుకుంటూ. అది ఆఖరు.

వదిన త్వరలోనే మళ్లీ స్టేజీ ఎక్కింది. చుట్టాలు నోళ్లు నొక్కుకున్నారు. ఆవిడ పట్టించుకోలేదు. నాతో మాత్రం వేళాకోళంగా, "ఇంట్లో ఊరికే కూర్చుంటే మీ అన్నయ్యకి కాళ్లు పట్టేస్తాయే. అప్పుడప్పుడు అలా తిప్పుకొస్తాను" అనేది.

ఆ వేళాకోళం కింద ఏముందో చాలా ఏళ్లకి గానీ నాకు తెలియలేదు. ఒకరోజు నేను చదువుతున్న పుస్తకం లాక్కుని పక్కన పెట్టి, "పురుగూ, నువ్వు అదృష్టవంతురాలివే" అంది. పుస్తకాల పురుగుని కాబట్టి ఆవిడ నన్ను అలాగే పిలుస్తుంది.

"దేనికొదినా?"

"నేను స్టేజీ మీదుంటే నువ్వు కింద కూర్చుని మీ అన్నయ్యని చూస్తావు. నాకా భాగ్యం లేదు."

నిజమే. ముంజేతి కంకణానికి అద్దమెందుకంటారు. ఒంట్లో ఉన్న నడకకి అద్దం ఉన్నా లాభం లేదు. మేడ గదిలో గోడంత అద్దం ఉంది. కానీ ఆ నడకలో చూపు వెనకవాళ్ల కాళ్ల మీద ఉండాలి. అద్దంలోకి చూద్దామని కళ్లెత్తిందా, నడక చెదిరిపోతుంది. మాకున్న ఫోటోలన్నిట్లోనూ అన్నయ్య నిటారుగా, ఊపిరి బిగబట్టి నిలబడి ఉంటాడు. నడిచే అన్నయ్య ఉన్నది వదిన ఒంట్లోనే. దాన్ని చూడలేనిది కూడా వదిన ఒక్కతే.

ఆవిడకి మోకాలు అరిగిపోయి, డాక్టరు స్టేజీ వద్దన్నప్పుడు నేను చాలా భయపడ్డాను. ఆవిడ మాత్రం ఉత్సాహంగా ఉంది. మాస్టారు ఆ వేషం ఒక కొత్తమ్మాయికి ఇస్తానన్నారు. "నేను నేర్పుతానే" అంది వదిన, చేతికర్ర నేలకేసి కొడుతూ. "పూర్తిగా నేర్పుతాను. నేర్పి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఒక్కసారి, ఆయన అలా నడుచుకుంటూ వెళ్తుంటే చూస్తాను. అంతే. ఇంకేం అడగను."

కొత్తమ్మాయి పగలు మందుల షాపులో పని చేసేది. ఒకచోట నిలబడదు, నోరు ఊరుకోదు. వదిన మొదటిరోజే ఉడత అని పేరు పెట్టింది. ఆ పిల్ల వదినని పెద్దమ్మా అనేది. మేడ మెట్లెక్కడానికి సాయం కావాలి కాబట్టి నేనూ రోజూ వెళ్లేదాన్ని, చేతిలో ఏదో పుస్తకంతో.

ఉడత చురుకైంది. భుజం, మణికట్టు, మెడ, అన్నీ ఇట్టే పట్టేసింది. ఒక సాయంత్రం మొదటి నుంచి చివరిదాకా నడిచి చూపిస్తే నా చేతిలో పుస్తకం మూతపడింది. అచ్చు గుద్దినట్టుంది.

"ఎలా ఉంది పెద్దమ్మా?"

"బాగుంది."

ఇంటికి వస్తూ, "బాగుందని అన్నావు, మొహమేమో మాడ్చుకున్నావు. ఏమిటొదినా?" అన్నాను.

"బాగుందనే అన్నాను. వచ్చాడని అనలేదుగా."

ఆ మర్నాటి నుంచి సరిదిద్దడం మొదలుపెట్టింది. వేలు ఇంకాస్త వంచు. భుజం అంత వద్దు. మెడ ఇంకొంచెం. ఇవాళ వంచమన్న వేలు రేపు చాచమనేది. ఆ పిల్ల ఓర్చుకుని ఓర్చుకుని, చివరికి లాంతరు నేల మీద పెట్టేసింది. "పెద్దమ్మా, మీరు చెప్పినవన్నీ చేస్తున్నాను. ఇంకేం కావాలో అది కూడా చెప్పండి. లేదా ఆయన్నే పిలవండి, వచ్చి చూపిస్తాడు."

ఆ పిల్లకి ఆయన లేడని తెలుసు. మాట జారాక నాలుక కరుచుకుంది. వదిన కోప్పడలేదు. మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కుని వదిన పక్కన కూర్చుని, మెల్లగా అన్నారు. "ఈ పిల్ల మీవారి బొమ్మ గీస్తోందమ్మా. నువ్వేనాడూ బొమ్మ గీయలేదు. తన మనిషిని తనే తెచ్చుకోవాలి, నువ్వు తెచ్చుకున్నట్టే. ఆయన్ని వదిలెయ్యి."

"వదలడానికి ఆయన నా చేతిలో ఉన్నాడా మాస్టారూ?" అంది వదిన. కర్ర అందుకుని లేచింది.

మేము బయటికొచ్చేసరికి మెట్ల దగ్గర బల్బు పోయింది. ఆ మెట్లు ఇరుకు, నిటారు, మధ్యలో అరిగిపోయి ఉంటాయి. నేను వదిన మోచెయ్యి పట్టుకున్నాను. ఉడత వెనక నుంచి పరుగెత్తుకొచ్చి, మమ్మల్ని దాటి ముందుకెళ్లి, ఫోనులో లైటు వేసింది.

"కోపమొచ్చిందా పెద్దమ్మా? కోపమొస్తే కింద నేల మీద నిలబడి తిట్టండి, మెట్ల మీదొద్దు. రండి. ముందు కర్ర. ఆఁ. ఇప్పుడు కాలు. ఉండండి ఉండండి, ఇక్కడ అరిగింది. గోడవైపు పెట్టండి."

మాట్లాడుతూనే దిగుతోంది. తన మెట్టు చూసుకోవడం లేదు. లైటు వదిన కర్ర మొన మీద పడుతుంది, కర్ర ఆనగానే జరిగి కాలి కోసం కింది మెట్టు మీద కాచుకుంటుంది. రెండు కాళ్లూ ఒక మెట్టు మీదికి వచ్చేదాకా కదలదు. భుజం వెనక్కి వాలింది. చెయ్యి కిందికి, చాలా కిందికి దిగింది. మెడ ఓరగా ఉంది.

వదిన మెట్ల మధ్యలో ఆగిపోయింది. నా చేతిలో ఆవిడ మోచెయ్యి బిగుసుకుంది.

"ఏమైంది పెద్దమ్మా, నొప్పా?"

"ఏం లేదు" అంది వదిన. "నువ్వు దిగవే ఉడతా. నన్ను చూసుకుంటూ దిగు."

"మిమ్మల్నే చూస్తున్నాను కదా, ఇంకెవరున్నారిక్కడ!"

ఇంటికొచ్చి టీ పెట్టి ఇచ్చాను. తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చుంది. టీ మీద మీగడ కట్టింది. "మీ అన్నయ్య అలా నడవలేదే" అంది.

"లేదొదినా. అన్నయ్యది తొందర నడక."

"తొందరే. హాల్లో 'రావాలి రావాలి, పేర్లు పడిపోతున్నాయి' అంటూ. ఎక్కడా అంతసేపు ఆగింది లేదు." చీర మీద నుంచే మోకాలు తడుముకుంది. "అయినా ఆయన నా మోకాలు చూడలేదు కదే. ఇది పాడవకముందే పోయాడు."

టీ మళ్లీ వేడి చేసి తెచ్చాను.

మర్నాడు మేడ మీద వదిన కుర్చీ వద్దంది. "ఉడతా, లాంతరు పట్టుకో. నేను వెనక వస్తాను. ఆ వేలూ మెడా సంగతి మరిచిపో. నన్ను పడేయకుండా ఆ మూలకి చేర్చు, చాలు." మాస్టారు వద్దనలేదు. అలా ప్రదర్శన దాకా, రోజూ, చెక్క నేల మీద కర్ర చప్పుడు చేసుకుంటూ వదిన ఆ పిల్ల వెనక నడిచింది. ఎదురుగా కూర్చుని చూడాలన్న మాట మళ్లీ ఎత్తలేదు. అడుగుదామనుకుని అడగలేకపోయాను.

ప్రదర్శన రోజున మాకు ముందు వరసలో, నడవా పక్కన సీట్లిచ్చారు. దీపాలారాయి. ముసలివాడు లాంతరుతో వచ్చాడు. వెనక దారి తప్పిన జనం, పడుచు వాళ్లే అందరూ, చకచకా నడిచే కాళ్లు. వాళ్లు కొండ దిగుతున్నారు. వాళ్లందరూ దాటిపోయాక కూడా ముసలివాడు కదలలేదు. లాంతరు కిందికి దించాడు. ఎవరూ లేని మెట్టు మీద వెలుగు వేసి, భుజం వెనక్కి వాల్చి నిలబడ్డాడు. వెలుగు కాస్త జరిగింది. కర్రకి చోటిచ్చింది. కింది మెట్టు మీదికి దిగి కాచుకుంది. నా వెనక ఎవరో, "ఇంకెవరో వస్తున్నారు, పాపం, మెల్లగా" అని పక్కవాళ్లతో గుసగుసలాడారు.

నేను వదిన మొహం చూద్దామని తిరిగాను. చీకట్లో మొహం కనపడలేదు. స్టేజీ వెలుతురు కొంచెం మా కాళ్ల మీద పడుతోంది. కూర్చున్నచోటే వదిన చేతికర్ర కాస్త ముందుకి జరిగి నేల మీద ఆనింది. దాని వెనకే అరిగిన మోకాలు మెల్లగా లేచింది. పాదం ముందుకొచ్చి, నేల మీద దిగింది. రెండో పాదం వచ్చి దాని పక్కన చేరింది. స్టేజీ మీద లాంతరు అప్పుడు కదిలింది.

నాటకం అయిపోయింది. చప్పట్లయ్యాయి, దీపాలు వెలిగాయి, జనం లేచి మమ్మల్ని తోసుకుంటూ వెళ్తున్నారు.

"లే వదినా, వెళ్దాం."

"ఉండవే పురుగూ" అంది స్టేజీ వంక చూస్తూనే. "ఇంకొక్క మెట్టుంది."