రొట్టె అడుగున గోటి గాటు

మా చర్చి వెనక చిన్న వంటగది ఉంది. దాన్ని బేత్లెహేమ్ అంటాం. బలిపీఠం మీదికి వెళ్ళే రొట్టె అక్కడే కాలుతుంది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ పొయ్యి ముందు నిలబడింది బఖూం ఒక్కడే. పరగడుపున పిండి పిసుకుతూ కీర్తనలు గొణుక్కుంటాడు. పిండిలో ఉప్పు వెయ్యడు, చెమట పడకుండా తలకి గుడ్డ చుట్టుకుంటాడు. కొయ్య అచ్చు ఒత్తి, నడిమి సిలువ చుట్టూ పుల్లతో ఐదు చిల్లులు పొడుస్తాడు, ప్రభువు గాయాల గుర్తుగా.

ఆ చలికాలం ఆయన చేతులు బరువెక్కాయి. భార్య తఖ్లా గుండె కవాటం పాడైంది. ఆపరేషన్ బల్ల మీదే పోవచ్చు, చెయ్యకపోతే వేసవి దాటదు అన్నాడు అస్యూత్‌ పట్నంలో డాక్టరు. తఖ్లా వెళ్దామంది. బఖూంకే నోరు పెగల్లేదు. తను సరేనన్నాక ఆమె పోతే? చూద్దాం, ఈ ఉపవాసాలు అయిపోనీ, ఈ చలి తగ్గనీ అంటూ వారాలు నెట్టాడు. కీర్తనల మధ్యలో దారి తప్పి, ఒకే వాక్యాన్ని పిండితో పాటు మళ్ళీ మళ్ళీ పిసికేవాడు.

"పిండి పొంగిందో లేదో పదిసార్లు చూస్తావు కదయ్యా," అంది తఖ్లా, వాచిన కాళ్ళు ముందుకు చాపి. "ఇవి చూడు, నీ పిండికంటే బాగా పొంగాయి."

ఆయన చూళ్ళేదు.

ఆ ఆదివారం తెల్లవారుజామున, అన్నిట్లోకీ నున్నగా వచ్చిన రొట్టె అడుగున, పొయ్యిలో పెట్టేముందు బఖూం బొటనవేలి గోరు నొక్కాడు. బుట్టలోంచి పాదిరి బలిపీఠానికి దీన్నే ఎంచుకుంటే ఆపరేషన్‌కి దేవుడు సరేనన్నట్టు. లేదంటే వద్దన్నట్టు.

బుట్ట పక్కన కొవ్వొత్తి పట్టుకున్న పరిచారకుణ్ణి నేను. మా అబూనా యూనాన్ పడుచు పాదిరి. ఒక్కో రొట్టెనీ తుడిచి, తిప్పి, వేలితో తడిమి చూశాడు. ఒకదాన్ని తీసి, అడుగు తడిమి పక్కన పెట్టాడు. మనసొప్పక మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టేశాడు. చివరికి మామూలుదొకటి బలిపీఠం ఎక్కింది. స్తంభం దగ్గర బఖూం మెల్లగా నేలమీద కూర్చోవడం చూశాను. మోకాళ్ళ నొప్పులనుకున్నాను.

ఆరాధనయ్యాక, మిగిలిన రొట్టెలు పంచుతూ అబూనా దాన్ని ఆయన చేతిలోనే పెట్టాడు. "ఎంత ముచ్చటగా వచ్చింది బాబాయ్! మచ్చ ఉన్నది బలిపీఠానికి పనికిరాదాయె. ఇది నీ గోరేనా?"

"దేవుడు వద్దన్నాడు అబూనా," అన్నాడు బఖూం. అంతా చెప్పేశాడు.

అబూనా ఆ గాటుని మళ్ళీ వేలితో తడిమాడు. "గాటు పెట్టింది నువ్వు, పక్కన పెట్టింది నేను. మనిద్దరి మధ్య ఆయన్ని ఎక్కడ మాట్లాడనిచ్చావు బాబాయ్?"

"మరి ఆయన మనసు నాకెలా తెలిసేది?"

"నాకూ తెలీదు," అన్నాడు అబూనా. అలసిపోయినట్టున్నాడు ఆయన కూడా.

ఇంటికెళ్ళి చెబితే తఖ్లా దగ్గొచ్చేదాకా నవ్వింది. "నిక్షేపంలాంటి రొట్టెని పాడుచేశావు కదరా ముసలోడా!" రొట్టె విరిచి, గాటున్న ముక్క వెతుక్కుని నోట్లో వేసుకుంది. నెమ్మదిగా నమిలింది. "నన్ను దేవుడికొదిలెయ్యి. మోసీ మోసీ నీ మొహం చూడు ఎలా అయిపోయిందో. నువ్వు ఊరికే నా పక్కన ఉండు, చాలు."

"సరే," అన్నాడు బఖూం. ఆ మాట బయటికి రావడానికి చలికాలమంతా పట్టింది.

అస్యూత్‌కి నేనూ వెళ్ళాను. ఆమెను లోపలికి తీసుకెళ్ళి తలుపు మూశారు. బఖూం బయట నడవాలో బల్ల మీద కూర్చుని కీర్తన మొదలుపెట్టాడు. మధ్యలో ఆగిపోయింది. ఎప్పటిలా మొదటికి వెళ్తాడనుకున్నా, వెళ్ళలేదు.

తఖ్లా ఆ తర్వాత రెండు ఈస్టర్లు చూసింది. నాకు మాత్రం ఆ నడవాయే గుర్తొస్తుంది. గోళ్ళలో పిండి ఎండిన రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా వదిలేసి, గోడకి తలానించి నిద్రపోయాడు బఖూం. చలికాలం మొదలయ్యాక ఆయన కంటినిండా పడుకున్నది అప్పుడే. డాక్టరు బయటికొస్తే నేనే తట్టి లేపాల్సి వచ్చింది.