మెదడు యంత్రమూ మంకీ క్యాపూ

గ్రేటర్ నోయిడాలో ఎం.టెక్. చివరి ఏడాది, పది నిమిషాల్లో నా పరువూ నేను తయారుచేసిన యంత్రం పరువూ కలిసికట్టుగా ఎలా పోయాయో చెబుతాను. నిస్సంకోచంగా నవ్వుకోండి. మా ఇంట్లోవాళ్లు ఇప్పటికే తనివితీరా నవ్వేశారు.

యంత్రమంటే ఒక కెమెరా, ఒక స్పీకరు, మధ్యలో చెప్పుల పెట్టెంత కృత్రిమ మెదడు. మన మెదడులో కణాలు ఒకదాన్నొకటి తట్టి లేపినట్టే దాని కణాలూ లేపుకుంటాయి. లక్ష ఫొటోలు మేపనక్కర్లేదు. పేరు చెప్పి మనిషిని ఒక్కసారి చూపిస్తే చాలు, మళ్లీ కనబడగానే పేరు పెట్టి పలకరిస్తుంది. మెదడు దారిలో వెళితేనే యంత్రానికి మనిషంత తెలివి వస్తుందని నా నమ్మకం. మెస్‌లో పప్పు వడ్డించే ఆయనకు కూడా క్యూ ఆపి మరీ వివరించేంత నమ్మకం.

ప్రాజెక్టులో నా జోడీ స్వప్నది కరీంనగర్. పరీక్ష రోజు పొద్దున, "జర తక్కువ చెప్పు అన్నా. వచ్చేటాయన మెదడు డాక్టరంట," అంది. మమ్మల్ని పరీక్షించబోయే ఆయన సైన్యంలో కల్నల్‌గా చేసి రిటైరయ్యారు. డాక్టరైతే మరీ మంచిది, మెదడు గురించి ఆయనకూ నాలుగు ముక్కలు తెలుస్తాయన్నాను.

బయట పొగమంచు. ఆయన్ని తీసుకురావడానికి మా గైడు గేటు దగ్గరికి వెళ్లారు. ఈలోగా రిహార్సల్ కోసం గార్డు రాంపాల్‌ని కెమెరా ముందు నిలబెట్టాం. చలికి గోధుమరంగు మంకీ క్యాప్ బిగించుకున్నాడేమో, కళ్లూ ముక్కూ తప్ప ఏమీ కనబడదు. బయటికెళ్లి మళ్లీ రాగానే యంత్రం అతణ్ని పేరు పెట్టి పలకరించింది. రాంపాల్ మురిసిపోతూ డ్యూటీకి వెళ్లిపోయాడు. నేను గాల్లో తేలిపోతున్నాను.

కాసేపటికి గోధుమరంగు క్యాప్ మళ్లీ తలుపు తోసుకుని వచ్చింది. నేను వైర్లు సర్దుకుంటూ, "భయ్యా, ఆ హీటర్ ఇధర్ లగా దో," అన్నాను. మారుమాట లేకుండా మోసుకొచ్చి ప్లగ్గు పెట్టారు. పెద్దసారు వచ్చాక నోరెత్తకుండా మూల నిలబడమని కూడా చెప్పాను. సరేనన్నట్టు తల ఊపారు. ఆఖరుసారి చూసుకుందామని భుజం పట్టి కెమెరా వైపు తిప్పాను.

"నమస్తే రాంపాల్ భయ్యా," అంది యంత్రం.

"చూశావా స్వప్నా, ఇక జన్మలో మరిచిపోదు," అన్నాను.

స్వప్న నా చొక్కా పట్టి లాగింది. గుమ్మంలో గైడు రొప్పుతూ నిలబడి, కల్నల్ సాబ్ మంచులో ఎలా తప్పిపోయారో చెబుతూ క్షమాపణ అడుగుతున్నారు. నన్ను కాదు, క్యాప్‌ని.

క్యాప్ తొలగింది. నున్నటి గుండు, తెల్లటి మీసం. "హీటరు అక్కడ సరిపోయిందా బాబూ?" అన్నారు ఆయన, మా గుంటూరు తెలుగులో.

యంత్రం ఇంకా మనిషి స్థాయికి రాలేదని ఏదో గొణిగాను.

"వచ్చేసిందయ్యా. ఇద్దరూ టోపీనే చూశారు, ఇద్దరూ ధైర్యంగా చెప్పారు."

తర్వాత ఆయనే టోపీ లేకుండా ఒకసారి, టోపీతో ఒకసారి కూర్చుని దానికి తన మొహం నేర్పారు. ఇక అది తడబడలేదు. ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్లకు అదే టోపీ పెట్టి చూపిస్తే, తెలియదని ఒప్పుకుంది. తెలియదని చెప్పగలగడమే మెదడుకి పెద్ద విద్య అనీ, దారి సరైనదేననీ, వదలొద్దనీ ఆయన అన్నారు. నేను వదల్లేదు. ఇప్పటికీ అదే పని చేస్తున్నాను, అదే నమ్మకంతో.

పాసయ్యాం. రిపోర్టులో మాత్రం ఆయన ఇలా రాశారు: "యంత్రం తన తప్పు వెంటనే దిద్దుకుంది. విద్యార్థి విషయం వేచి చూడాలి."

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎంతటి చలిలోనైనా, ఎవరినైనా, ముందు మొహం చూసి, పేరు అడిగి, ఆ తర్వాతే హీటరు మోయిస్తాను.