విడిచిన ఒక్కపొద్దులు

మాది బత్తలపల్లెలో పరుపులు కుట్టే ఇల్లు. రోడ్డు మీదికి కొట్టు, వెనక రెండు గదులు. మామ, మా ఆయన దూది ఏకి పరుపుల్లో కూరుతారు. నేను, అత్త దిండు గలీబులు కుడతాం. పాపను బడిలో వేసిన ఏడాది నాకు నెలసరి తప్పడం మొదలైంది. అప్పటికి నాకు ముప్పై ఒకటి. మొదటిసారి తప్పినప్పుడు కడుపనుకున్నాం. అత్త నన్ను బిందె ఎత్తనివ్వలేదు, దూది మూటల దగ్గరికి రానివ్వలేదు. తర్వాత వచ్చింది. మళ్ళీ కొన్ని నెలలు రాలేదు. ఆ పైన పూర్తిగా ఆగిపోయింది.

ఒంట్లో ఆవిర్లు లేచేవి. మా వైపు చెమట పట్టడం ఎవరికీ వింత కాదు. ఎండాకాలమంతా నన్ను ఎవరూ పట్టించుకోలేదు. చలికాలం పొద్దున్నే అందరూ దుప్పట్లు కప్పుకొని కూర్చున్నప్పుడు నా ఒక్కదాని మెడ తడిసిపోయేది. గాలిలో ఎగిరే దూది పీచు ఆ తడికి అంటుకునేది. అత్త చూసి, "ఏమ్మే, జొరమొచ్చిందా?" అని నుదుటి మీద చెయ్యి పెట్టేది. ఆ మధ్యే అత్తకు కూడా ముట్లుడిగాయి. ఎదురింటామెతో, "ఇంగ మనం ముసిలోళ్ళమైపోయినట్లే గదమ్మా" అని నవ్వుతూ చెప్పేది. మిషను ముందు తల వంచుకొని నేను ఆ మాటలు వింటుండేదాన్ని. ఆమెకు వచ్చిందే నాకూ వచ్చిందని నాకప్పటికే అనుమానం.

అనంతపురంలో ఒక ఆస్పత్రికి మా ఆయన తీసుకుపోయాడు. రక్తపరీక్షలయ్యాక డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. నా అండాశయాలు వయసుకు ముందే పని మానుకుంటున్నాయంది. ఇది నా తప్పు వల్ల వచ్చింది కాదంది. ఎముకలు గుల్లబారకుండా, గుండె చెడిపోకుండా హార్మోను మాత్రలు చాలా ఏళ్ళు వాడాలంది. మా ఆయన తల పైకెత్తి ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడే ఆమె ఆ పరిశోధన సంగతి చెప్పింది. మన చేతి నుంచే రక్తం తీసి, అందులోంచి ఒక భాగం వేరు చేసి, దాన్ని సూదితో అండాశయంలోకి ఎక్కిస్తారట. కొందరికి సూది, మాత్రలు రెండూ. కొందరికి మాత్రలు మాత్రమే. ఎవరికేదన్నది డాక్టర్లు కూడా ఎంచుకోరు, చీటీ వేసినట్టు కంప్యూటరే తేలుస్తుంది.

"దాంతో మళ్ళీ సరిపోతుందా మేడం?" అని అడిగాను.

"తెలియదమ్మా. తెలియదు కాబట్టే పరీక్షిస్తున్నాం. మీరు ఏ రోజైనా మానుకోవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. మానుకున్నా మీ వైద్యం ఆగదు." మళ్ళీ తనే, "మీకు ఇంకో బిడ్డ కావాలని ఉందా?" అంది.

కావాలన్నాను. నిజానికి ఆ క్షణంలో బిడ్డ నా మనసులో లేదు. ఎదురింటామెకూ అత్తకూ నడుమ కూర్చున్నట్టున్న నన్ను ఎవరైనా లేపి, మళ్ళీ నా ఈడువాళ్ళ పక్కన కూర్చోబెడితే చాలనిపించింది. అంతటి డాక్టరు ముందు అట్లాంటి మాట చెప్పడానికి సిగ్గేసింది.

తిరుగు బస్సులో మా ఆయన అన్నాడు: "అమ్మకు చెప్పొద్దు. రక్తం తక్కువుండాదంట, దానికి మందులంట అని చెప్దాం."

నేను పరిశోధనకు ఒప్పుకున్నాను. చేరే ముందు కొన్ని వారాలు ఏ మాత్రలూ వేసుకోకుండా ఉండి, మళ్ళీ రక్తం చూపించుకోవాలన్నారు. ఆ వారాల్లోనే రంజాన్ వచ్చింది.

నెలసరి రోజుల్లో మా ఆడవాళ్ళు ఒక్కపొద్దు, అదే రోజా, ఉండరు, నమాజు చెయ్యరు. విడిచినవి తర్వాత ఎప్పుడైనా ఉండి తీర్చుకుంటారు. ఇంట్లో ఏ ఆడమనిషి ఏ రోజుల్లో విడిచిందో మిగతా ఆడవాళ్ళకు అడక్కుండానే తెలిసిపోతుంది. నెలంతా నేను ఒక్కటీ విడవకపోతే అత్తకు తెలిసిపోతుంది. ఆ మాటే మా ఆయనతో అన్నాను.

"ఒక నాలుగు దినాలు విడిచెయ్. ఎవరికి తెలుస్తాది?" అన్నాడు.

విడిచాను. మొదటి రోజు పొద్దున నమాజుకు లేవకుండా పడుకున్నాను. మధ్యాహ్నం మగవాళ్ళు కొట్టులో ఉన్నప్పుడు అత్త నన్ను వంటింటి మూలకు పిలిచింది. తను ఒక్కపొద్దు మీదుంది, పెదవులు ఎండిపోయున్నాయి. నా ముందు పళ్ళెం పెట్టి, "తిను మే, మొగమెట్ల పీక్కపోయిందో చూడు" అని ఉడికించిన గుడ్డు వలిచి పళ్ళెంలో వేసింది. ఆమె కూర్చొని చూస్తుంటే నేను తిన్నాను. మిగతా మూడు రోజులూ అట్లాగే పెట్టింది, నేను అట్లాగే తిన్నాను. అన్నిటికన్నా నన్ను కుంగదీసింది ఏమిటంటే, రెండో రోజుకల్లా నాకు నిజంగానే ఆకలేసింది.

పండగ దాటాక ఆస్పత్రికి పోయాను. ఎవరు ఏ గుంపో తేలే రోజది. వరండాలో నా పక్కన ధర్మవరం నుంచి వచ్చిన ఒక అమ్మాయి కూర్చుంది. వాళ్ళది పట్టుచీరలు నేసే ఇల్లు. నాకన్నా రెండు మూడేళ్ళు చిన్నది, ఇంకా పిల్లల్లేరు. నేను కూడా దీనికే వచ్చానని తెలిశాక గొంతు తగ్గించి అడిగింది.

"మీ ఇంట్లో తెలుసునా అక్కా?"

"ఆయనకు తెలుసు. అత్తకు తెలీదు. మీ ఇంట్లో?"

"యాడ తెలుస్తాది? నెలకు మూడు దినాలు బయట కూర్చుంటాండా గదా. చాప వేరే, తట్ట వేరే. మా అత్త దూరం నుంచి అన్నం వడ్డిస్తాది. ఆ మూడు దినాలూ మగ్గం పని తప్పుతాది, అంతే లాభం."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వులో నేను కూడా నోరు జారి ఒక్కపొద్దుల సంగతి చెప్పేశాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"దేవుని కాడ గూడానా అక్కా?" అంది. నా మొహం చూసి వెంటనే, "నేను గూడా దీపం పెట్టకుండా ఎగ్గొడతాండా గదా, రెండూ ఒకటేలే" అని నా చెయ్యి పట్టుకుంది. రెండూ ఒకటి కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆమెకు సూది పడింది. నాకు మాత్రలే. ఆమె ముఖం వెలిగిపోతుంటే నేను చూడలేక చెప్పుల కోసం వంగాను.

మాత్రలు మొదలుపెట్టాక ఆవిర్లు తగ్గాయి. నెలసరి కూడా వచ్చింది. సంబరంగా డాక్టరమ్మకు ఫోను చేస్తే, అది మాత్రల వల్ల వచ్చేదేననీ, అండం విడుదలైనట్టు అనుకోవద్దనీ నెమ్మదిగా చెప్పింది. అట్లా సంబరపడినందుకు ఫోను పెట్టేశాక కూడా చెవులు వేడిగానే ఉన్నాయి.

తర్వాతి పరీక్ష రోజున మా ఆయన గుంతకల్లుకు పోవాల్సి వచ్చింది, రైల్వే క్వార్టర్సులో పరుపులు దింపాలని. "రక్తం తక్కువుండేదాన్ని ఒక్కదాన్నే యాడ పంపేది?" అని అత్త నాతో బయల్దేరింది. వద్దనడానికి నాకు సాకు దొరకలేదు.

హాలు నిండా జనం, మగవాళ్ళు కూడా. నర్సు తలుపు దగ్గర నిలబడి పిలిచింది: "చిన్న వయసులో ముట్లు ఆగిపోయిన పరిశోధనకు వచ్చినోళ్ళు ఈ పక్కకు రండమ్మా." ఆ నర్సులో ఏ దురుద్దేశమూ లేదు, వరస చక్కబెడుతోందంతే. నేను లేవలేదు. గోడ మీద ఏదో బొమ్మ చూస్తున్నట్టు కూర్చున్నాను. నర్సు దగ్గరికొచ్చి నా భుజం తట్టి, "మీరే గదమ్మా?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు.

అత్తే ముందు లేచింది. నా సంచి తీసుకొని, "లెయ్, పిలుస్తాండారు" అంది.

లోపల డాక్టరమ్మను అత్తే అడిగింది: "దీనికి ఆగిపోయి ఎన్నాళ్ళయిందమ్మా?" డాక్టరమ్మ నా వైపు చూసి, చెప్పమంటారా అన్నట్టు ఆగింది. తల ఊపాను. అంతా చెప్పింది. బస్సులో అత్త కిటికీ పక్కన కూర్చొని, నీళ్ళు లేక ఎండిన చెనిక్కాయ చేలను చూస్తూనే ఉంది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ అప్పుడడిగింది.

"అయితే రంజాన్ నెలలో నీకు..."

"రాలేదత్తా."

"నేను పెట్టినా గదమ్మే నీకు. నీరసంగుండావని గుడ్డు వలిచి పెట్టినా. నేను ఒక్కపొద్దుండి నీకు తినిపించినా."

అరవలేదు. అరిచుంటే నాకు తేలికయ్యేది. తర్వాత కొన్నాళ్ళు పని మాటలు తప్ప నాతో మాట్లాడలేదు. మా ఆయనను మాత్రం ఒకసారి, "నీ పెండ్లాం రోగాన్ని కప్పిపెట్టేదానికి నీకు దేవుడే దొరికినాడా?" అంది. ఆయన దూది ఏకడం ఆపలేదు.

ఒక సాయంత్రం గలీబులు మడతపెడుతూ అత్త అంది: "నీ ఈడులో ముట్లు పోయేది రోగం. రోగానికి సిగ్గేముండాది? విడిచినవి మాత్రం నువ్వు ఉండాల. మాత్రలు రాత్రిపూట యేసుకోవచ్చునేమో ఆ డాక్టరమ్మను అడుగు."

వేసుకోవచ్చంది. మే నెల ఎండలో, వీధంతా తింటూ తాగుతూ ఉండగా, నేను ఒక్కపొద్దు ఉన్నాను. నీళ్ళ ట్యాంకరు వచ్చినప్పుడు బిందె నింపుకుంటుంటే నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. మధ్యాహ్నం అత్తకు అన్నం పెట్టబోతే వద్దంది. అప్పుడు చూశాను, పొద్దున టీ గ్లాసు కూడా అట్లాగే ఉంది.

"నువ్వెందుకుండావత్తా? నువ్వేం విడవలేదు గదా."

"పెట్టింది నేనే గదా" అంది. ఆ నాలుగూ నాతోపాటు ఉంది. ఆమె వయసు మనిషి నా అబద్ధం కోసం దాహంతో గోడకానుకొని కూర్చోవడం చూసి, నేను చేసిందేమిటో నాకప్పుడు పూర్తిగా అర్థమైంది.

పరిశోధన ముగిశాక మమ్మల్నందరినీ పిలిచి ఫలితం చెప్పారు. సూది వేయించుకున్నవాళ్ళకూ వేయించుకోనివాళ్ళకూ తమకు తేడా కనిపించలేదంది డాక్టరమ్మ. అంత సూటిగా చెప్పడం ఆమెకూ కష్టంగానే ఉన్నట్టుంది. ముందు వరసలో ధర్మవరం అమ్మాయి లేచి, "ఇంగొకసారి ఏస్తే మేడం?" అంది.

"వద్దమ్మా. పని చేస్తుందని నమ్మకం లేనిదాన్ని మళ్ళీ మీ ఒంట్లోకి ఎక్కించలేను. బిడ్డ కోసం వేరే దారులున్నాయి, విడిగా కూర్చొని మాట్లాడదాం."

ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని కూర్చుంది. నేను వెనక వరసలోనే ఉన్నాను. చెయ్యి చాపితే భుజం అందుతుంది. ఆమెకు సూది పడిందని ఒకప్పుడు కుళ్ళుకున్నదాన్ని, చెయ్యి ఎట్లా చాపేది? బయటికొచ్చాక ఆమే నా దగ్గరికొచ్చి, "బస్సులో మా ఊరోళ్ళుంటారక్కా, పలకరించొద్దు" అంది. సరేనన్నాను. బత్తలపల్లెలో దిగేటప్పుడు ఆమె సీటు పక్క నుంచే వచ్చాను. ఆమె తల ఎత్తలేదు. నేను కూడా ఆగలేదు. ఆ తర్వాత ఆమెను చూడలేదు.

మాత్రలు ఇప్పటికీ వేసుకుంటున్నాను. చలికాలం దుప్పటి కప్పుకోగలుగుతున్నాను. ఎముకల పరీక్ష బాగానే ఉందన్నారు. ఇంకో బిడ్డ కలగలేదు. చుట్టాలెవరైనా అడిగితే అత్త, "థైరాయిడ్ ఉండాది దానికి" అని మాట మార్చేస్తుంది. రోగానికి సిగ్గేమిటన్న మనిషే అట్లా చెప్పడం, నేను ఆమెను సరిదిద్దకపోవడం, రెండూ అట్లాగే సాగుతున్నాయి.

మొన్న పరీక్షకు పోయినప్పుడు డాక్టరమ్మ పాప వయసడిగింది. ఇది కొన్ని ఇళ్ళల్లో తల్లి నుంచి కూతురికి రావచ్చనీ, పాప పెద్దయ్యాక తప్పకుండా చెప్పి చూపించాలనీ అంది. ఆ రాత్రి పాప జడ వేస్తూ మొదలుపెట్టబోయాను. చివరికి రిబ్బను ఏ రంగుది కావాలని అడిగి ఊరుకున్నాను. అత్త గడపలో కూర్చొని చూస్తోంది.

"చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది.

"నేనే చెప్తానత్తా, ఇంకొంచెం పెద్దదవనీ" అన్నాను. ఇంతవరకు చెప్పలేదు.