దగ్గుపొడిలో మూడో వాసన

న్యూ లిన్ స్టేషన్‌లో రైలెక్కిన చైనా పెద్దావిడ నా పక్కన కూర్చుని, మూలికల షాపులో కట్టించుకున్న పొట్లాన్ని ఒళ్ళో విప్పింది. ఎండిన వేళ్ళు, బెరళ్ళు ఒక్కొక్కటే వాసన చూస్తూ, ఒక పాత చేతిరాత కాగితంతో సరిచూసుకుంటోంది. ఒక ముక్కను పక్కన పెట్టేసి, "ఇది రాంగ్. మా అమ్మ రాసింది ఇది కాదు. రేపు మార్పించుకోవాలి," అంది నాతో ఇంగ్లీషులో.

ఆ కాగితం చూసి నాకు కుళ్ళు పుట్టింది. చనిపోయిన మా అమ్మమ్మ చేసిన దగ్గుపొడి నా బ్యాగులోనే ఉంది, ఆఖరి డబ్బా. అందులో ఏమేం వేస్తావని నేను ఆమెను ఒక్కసారీ అడగలేదు.

పంతం కొద్దీ మూత తీసి అందించాను. "ఇందులో ఏముందో చెప్పగలరా?"

ఆమె కళ్ళు మూసుకుని వాసన పీల్చింది. "లికరిస్. లాంగ్ పెప్పర్."

ఫోన్‌లో వెతికితే అతిమధురం, పిప్పళ్ళు అని వచ్చింది. చిన్నప్పటి నుంచీ తింటున్నది నేను, చెప్పింది ఆమె!

"ఇంకోటి కూడా ఉంది. అదేంటో తెలియట్లేదు, సారీ," అంటూ డబ్బా తిరిగిచ్చింది.

"పర్లేదు," అన్నాను. హమ్మయ్య, అదొక్కటైనా మాకే మిగిలిందని లోలోపల సంబరపడ్డాను.

ఆమె దిగిపోయాక డబ్బాను ముక్కు దగ్గర పెట్టుకుని, గట్టిగా వాసన పీల్చాను. తుమ్ము తప్ప ఇంకేమీ రాలేదు.