ఎర్రగీత దాటిన గాలి

పాత ఇంజనుకు టర్బో పెడితే పేలిపోతుందని మా కరీంనగర్ లారీ అడ్డాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. సాక్ష్యానికి మా బావ లారీనే చూపిస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఎంత గాలి పెట్టారని ఒక్కడూ అడగడు.

మా బావ, అంటే నా చెల్లెలి మగడు, గల్ఫులో ఏళ్ల తరబడి పెద్ద బండ్లు నడిపి, ఎనభైల చివర్లో చొప్పదండికి వచ్చేశాడు. ఇక పోనని చెల్లెలికి మాటిచ్చాడు. వచ్చేటప్పుడు పూల రగ్గులో చుట్టి ఏదో బరువైనది తెచ్చాడు. మిక్సీ అనుకుని చెల్లె ఆత్రంగా విప్పితే లోపల నత్తగుల్ల ఆకారంలో నల్లటి ఇనుప ముద్ద. "గిదేంది, నాకు తెచ్చినవా?" అని అడిగిందట.

"నీకే. నన్ను ఇంట్ల ఉంచేది గిదే" అన్నాడట.

అది ఎడారిలో మూలకు పడిన ఏదో బండి నుంచి ఊడదీసిన టర్బో. ఇక్కడ ఆయన కొన్నది పాత లారీ. చొప్పదండి మిల్లుల్లో బియ్యం ఎక్కించుకుని ఆదిలాబాదు పోవాలి, అక్కడి నుంచి పత్తి బేళ్లు తేవాలి. నిర్మల్ దాటినాక కొండల్లో ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు ఆ బండి ముసలి దున్నపోతులా ఆయాసపడేది. పక్కన నడిచిపోయేవాళ్లు కూడా ముందుకు పోతున్నారని తోటి డ్రైవర్లు నవ్వేవారు. ట్రిప్పులు పెరగకపోతే లారీ నిలవదు. లారీ నిలవకపోతే మళ్లీ గల్ఫు. బావకు, చెల్లెకు, నాకు, ముగ్గురికీ ఈ సంగతి తెలుసు.

టర్బో పట్టుకుని నా షెడ్డుకు వచ్చాడు. నేను బడిలో నాలుగు దాటలేదు. చచ్చిన ఇంజన్లు విప్పి విప్పి నేర్చుకున్నవాణ్ని. ఆయనకు చెప్పాను. పొగ పోయే జోరుతో ఇది చక్రం తిప్పుకుని ఇంజనులోకి గాలిని దట్టిస్తుంది. గాలి పెరిగితే డీజిల్ ఎక్కువ పోయొచ్చు. డీజిల్ పెరిగితే పిస్టన్ మీద దెబ్బ పెరుగుతుంది. ఆ దెబ్బంతా కనెక్టింగ్ రాడ్డు మీదుగా కిందున్న క్రాంకు ఇరుసుకు, దాని బేరింగులకు పోతుంది. కంపెనీవాడు ఆ కింది సామానును, ఇంజను తనంతట తాను పీల్చుకునే గాలికి లెక్కగట్టి పోత పోశాడు. కొంచెం ఎక్కువైతే ఓర్చుకుంటుంది. ఆ కొంచెం ఎక్కడ అయిపోతుందో మాత్రం ముందుగా చప్పుడు చేసి చెప్పదు.

"ఆడ బండ్లు ఇరవై పౌండ్ల గాలి మోస్తయి బావా" అన్నాడు.

"ఆడి బండ్లకు కింద రాడ్లు వేరే, క్రాంకు వేరే. నీ బండికి ఎనిమిది. గంతే."

"పది?"

"కూరగాయల బేరమా ఇది?"

నవ్వాడు. బిగించాను. క్యాబిన్‌లో గాలి మీటరు పెట్టి, ఎనిమిది దగ్గర అద్దం మీద చెల్లెలి గోళ్ల రంగుతో ఎర్రగీత గీశాను. డీజిల్ పంపు మరకు తీగ చుట్టి సీసం సీలు వేయించాను. ఆ మర తిప్పితేనే డీజిల్ పెరుగుతుంది, దాని వెనకే గాలి పెరుగుతుంది.

ఆ కొన్ని నెలలు ఆ ఇంట్లో ఉన్నంత సంతోషం నేను మళ్లీ చూడలేదు. ఘాటు మీద లారీ ఈల వేసుకుంటూ ఎక్కేది. నవ్వినవాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చేవారు. చొప్పదండి రోడ్డు మీద ఆ ఈల వినపడగానే చెల్లె పొయ్యి మీద ఎసరు పెట్టేది.

దసరా వచ్చింది. లారీ కడిగి, బంతిపూలు కట్టి, చెల్లె అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టింది. స్టీరింగుకు, గేరు రాడ్డుకు, గాలి మీటరు అద్దానికి కూడా. ఆ అద్దం మీద బొట్టు రూపాయి బిళ్లకన్నా పెద్దది. పండక్కు పోయినవాణ్ని, క్యాబిన్ ఎక్కి చూసి తుడవబోతే బావ చెయ్యి పట్టుకున్నాడు. పూజలో పెట్టిన బొట్టును మా దగ్గర ఎవరూ తుడవరు. అదే రాలిపోవాలి. నేనూ ఊరుకున్నాను.

పండగైన వారానికే ఘాటు సగం మీద రాడ్డు విరిగి, ఇంజను పక్కగోడ పగలగొట్టుకుని బయటికి వచ్చింది. మనిషికి ఏం కాలేదు. నేను పోయేసరికి నూనె రోడ్డు మీద నల్లగా పారి, టేకాకుల మీద ఆరిపోతోంది. ఇంజను పక్కన నా పిడికిలి పట్టేంత బొక్క. బావ రాయి మీద కూర్చుని, వచ్చినవాళ్లందరికీ ఒకటే చెబుతున్నాడు: "మీటరు మీద బొట్టుండె. గీత కనవడలే."

నేను పంపు చూశాను. సీలు తెగి ఉంది. మర ఒక చుట్టుకు పైగా తిరిగి ఉంది. కుంకుమ గీకి మీటరు చూశాను. ఇంజను ఆగిపోయినా ముల్లు సున్నకు రాలేదు. ఓర్చుకోలేనంత గాలి తగిలితే మీటరు అలాగే వంగిపోతుంది, మళ్లీ సాపు కాదు. అక్కడ అంతమందిలో ఏమనను? నోరు మూసుకున్నాను.

బావ మళ్లీ గల్ఫుకు పోయాడు. రెండుసార్లు సెలవు మీద వచ్చి పోయాడు. మూడోసారి బొంబాయి నుంచి ఆయనున్న పెట్టె వచ్చింది.

ఆ తర్వాత అడ్డాలో ఇంకో మాట కూడా పుట్టింది. పెండ్లాం పెట్టిన బొట్టే ఆయన్ని మింగిందన్నారు. చెల్లె దసరా నాడు బయటికి రావడం మానేసింది. తొంభైల్లో కంపెనీలే టర్బో లారీలు తెచ్చాయి; చొప్పదండి రోడ్డంతా ఈలే. ప్రతి ఈలకూ చెల్లె కూర్చున్నచోట నుంచి సగం లేచి, మళ్లీ కూర్చునేది. చేతిలో పని అట్లాగే ఆగిపోయేది. అది చూడలేక ఒక పొద్దున పోయి చెప్పేశాను. బొట్టు వల్ల ఏం కాలేదు చెల్లె, పంపు సీలు తెగి ఉంది, నేను కళ్లారా చూశాను అని.

చెల్లె చేటలో బియ్యం చెరుగుతోంది. తల ఎత్తలేదు.

"నాకు ఎరికే అన్నా. మర తిప్పుతుంటె నేనే బత్తి పట్టిన. ఒక్క ట్రిప్పు ఎక్కువ కొడితె ఇగ గల్ఫు పేరు ఎత్తనన్నడు."

చెల్లె ఒక వడ్లగింజ ఏరి పక్కన పడేసింది.

"ముల్లు వంగింది. ఆపినా ఎనక్కు వస్తలేదు. మీ అన్న పండుగకొచ్చి చూసిండంటె పంపు ఊడదీసుకపోతడు అన్నడు. నేనే గంత బొట్టు పెట్టిన."

రోడ్డు మీద లారీ ఒకటి ఈల వేసుకుంటూ వచ్చింది. చేట ఆగింది. చెల్లె సగం లేచింది. ఈల మిల్లులవైపు పోయి సన్నబడి, వినపడకుండా పోయింది. అప్పుడు కూర్చుంది.

బొట్టు సంగతి ఎవడెత్తినా అడ్డాలో నేను ఇప్పటికీ కొట్లాడతాను. రాడ్డు విరిచింది గాలే అంటాను. అది నిజమే. ఆ కింది సామాను ఎనిమిది పౌండ్లయితే ఏళ్ల తరబడి మోసేది.