కాళ్ళు చాపని ఊరు

ఊనైసి నోటికి మా దీవిలో అందరూ భయపడేవాళ్ళు, నేను తప్ప. నేను ఆమె మేనమామ కూతుర్ని. మాలో వదినామరదళ్ళు ఒక పూట తిట్టుకోకపోతే, ఏదో తగాదా వచ్చిందని ఊరు అనుమానిస్తుంది.

ఊరి నర్సు ఆవిడే. పెద్దగా చదివింది కాదు, జీతమూ లేదు. జ్వరం బిళ్ళలిచ్చేది, పసిపిల్లల్ని తూచేది, పడవ దొరకని రోజు పురుడు కూడా పోసేది. అంత చేసిన మనిషికే చక్కెర జబ్బు వచ్చింది. మా ఫిజీ మాటల్లో జబ్బుకీ చావుకీ ఒకటే పేరు, మాతే.

"చక్కెర చావు వచ్చిందటే నాకు" అంది నవ్వుతూ.

"నీ నోట్లో తీపి ఎక్కడుందని దొరికిందే వదినా ఆ డాక్టర్లకి?" అన్నాను.

ఆ ఏడు రాజధాని సువా నుంచి వైద్యం చదివే పిల్లలు, ఊళ్ళో చక్కెర జబ్బువాళ్ళని చూడ్డానికి పడవలో వచ్చారు. ఊనైసి పొద్దుటినుంచీ పొయ్యి దగ్గరే ఉంది. చేమదుంపలు, కొబ్బరిపాలలో ఉడికిన చేప. అతిథి తినకుండా మన గోడు వెళ్ళబోసుకోకూడదు కదా. అందర్నీ పరీక్ష చెయ్యడం అయ్యాక, పడవవాడు తొందరపెడుతుంటే, చివర్లో వచ్చి చాప మీద కూర్చుంది. కాళ్ళు పక్కకి మడిచి, నడుముకి చుట్టుకున్న సులు గుడ్డ పాదాల మీదికి లాక్కుంది. వచ్చినవాళ్ళ వైపు కాలు చాపిన మనిషి గురించి మా ఊళ్ళో మనవళ్ళ కాలందాకా చెప్పుకుంటారు.

పరీక్ష చేసినవాడి పేరు అపెనిసా. మర్యాద తెలిసిన కుర్రాడు, తలొంచుకునే అడిగాడు.

"కాళ్ళల్లో బాధేమైనా ఉందా అమ్మమ్మా?"

"లేదు నాయనా."

అబద్ధం కాదు. ఆ పాదాలకి స్పర్శ పోయి చాలాకాలమైంది. చూపించమనడానికి వాడి పెంపకం ఒప్పుకోలేదు, చూపించడానికి ఈవిడ పెంపకం ఒప్పుకోలేదు. మడమలో గవ్వముక్క దిగి లోపల కుళ్ళుతోంది. పిల్లలు చెయ్యి ఊపుతూ పడవెక్కేశారు.

వానలు వెనకబట్టేలోగా సువా ఆసుపత్రిలో ఎడమకాలు మోకాలి కింద తీసేశారు.

"నాట్యంలో ఎప్పుడూ తప్పువేసేది ఆ కాలే. పీడా పోయింది" అన్నాను. ఊనైసి పగలబడి నవ్వింది. నేను బయటికొచ్చి గోడకానుకుని ఏడ్చాను.

అక్కడ ఉండగానే ఆ పిల్లలకి వైద్యం చెప్పే డాక్టరమ్మ వచ్చింది. దీవులకి సేవకి వెళ్ళమంటే పరీక్షలంటున్నారు, దూరమంటున్నారు, మీరొకసారి చెప్పి చూడండి అంది. చక్రాల కుర్చీలో నేనే తోసుకెళ్ళాను. హాలు నిండా పిల్లలు. ఊనైసి కుర్చీ వద్దంది, కింద కూర్చోబెట్టమంది.

"తులో" అని మన్నింపు కోరి, ఆ తెగిన కాలు తిన్నగా వాళ్ళ వైపు చాపింది. సిగ్గుతో నాకు ముచ్చెమటలు పోశాయి.

"నాయనల్లారా, మా ఊరొచ్చిన పిల్లవాడు బంగారం. వాడి తప్పేం లేదు. ఒక్క పూటకి చుట్టంలా వచ్చాడు, చుట్టం ముందు కాళ్ళు దాచుకున్నాను. అదే నెలనెలా వచ్చి, నేను మాడబెట్టిన దుంపలు కూడా తినుంటే, 'ఏయ్ ముసలీ, కాలు చూపించు' అని వాడే కసిరేవాడు. చుట్టాలు మాకు బోలెడుమంది. కసిరేవాళ్ళే లేరు. ఎవరొస్తారు?"

ఒక్కరూ కదల్లేదు. చివరికి వెనక వరసలోంచి అపెనిసా లేచాడు. కళ్ళెత్తలేకపోతున్నాడు. వాడి పక్కన ఇద్దరు ఆడపిల్లలు లేచారు.

"పరీక్షలయ్యాకే రండిరా. లేకపోతే మీ అమ్మల తిట్లు నాకు తగుల్తాయి" అంది ఊనైసి.

పరీక్షలయ్యాక ముగ్గురూ వచ్చారు. ఊనైసి లేదు. రెండో పాదానికీ పుండు పడి, విషం ఒళ్ళంతా పాకింది. ఆమెకి కానుకగా తెచ్చిన, పానీయం కలిపే యంగోనా వేళ్ళు, చావింటికి తెచ్చినట్టుగా మా పెద్దల ముందు పెట్టాడు అపెనిసా.

ఆడవాళ్ళందరం చాపల మీద చేరాం. అందరివీ మడిచిన కాళ్ళే, అందరి పాదాలూ గుడ్డల కిందే. పిల్లలు కాళ్ళు చూపించమని అడిగారు. ఒక్కరూ కదల్లేదు. నాకు ఒళ్ళు మండింది. ఊనైసి కాలు పోగొట్టుకుని, పరువు పోగొట్టుకుని, అంతమంది ముందు చెప్పిన మాట దానితోనే మట్టిలో కలిసిందా?

"తులో" అని రెండు కాళ్ళూ అపెనిసా ఒళ్ళోకే చాపేశాను.

"సిగ్గులేనితనంలో ఊనైసిని మించిపోయావే!" అంది పక్కావిడ, బుగ్గలు నొక్కుకుంటూ.

అపెనిసా గాలపు తీగలాంటి సన్నటి పోగొకటి తీశాడు.

"కళ్ళు మూసుకో అమ్మమ్మా. తగిలినప్పుడల్లా చెప్పు."

మూసుకున్నాను. రాళ్ళ మీద అల విరిగింది. ఎవరో దగ్గారు. ఎంతకీ వాడు పని మొదలుపెట్టడు.

"ఏరా, పొద్దుగూకుతోంది. ఇంకా ఎప్పుడు మొదలెడతావు?" అని కసిరి కళ్ళు తెరిచాను.

వాడు పోగుని మడిచి పెట్టేస్తున్నాడు.

"రెండు పాదాలూ అయిపోయాయి అమ్మమ్మా" అన్నాడు.